పిల్లల పుస్తకంలో కోత ఎక్కడ పెట్టాలి?

సంపాదకుడు గారికి,

జాతి నిర్మూలన గురించి పిల్లల కోసం రాసేటప్పుడు ఏది ఉంచాలి, ఏది కోయాలి అన్నదాని మీద ఈ ఉత్తరం.

సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిషు వాచకం 'ఫస్ట్ ఫ్లైట్'లో ఆన్ ఫ్రాంక్ డైరీ నుంచి తీసిన పాఠం ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ వాచకం చదివిన మన పిల్లలకు లెక్కల మాస్టారు కీసింగ్ గారు బాగా గుర్తు. క్లాసులో మాటలాపడం లేదని ఆ అమ్మాయికి 'వాగుడుకాయ' అని శీర్షిక ఇచ్చి వ్యాసం రాయించడం, ఆమె బాతుపిల్లల పద్యం రాసి ఆయన్నే నవ్వించడం పిల్లలు ఇష్టంగా చదువుతారు. పాఠానికి ముందు పరిచయంలో ఆమె యూదు బాలిక అనీ, హిట్లర్ నాజీలకు చిక్కకుండా రెండేళ్లు దాక్కుని బతికి చివరికి బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో టైఫస్ జ్వరంతో చనిపోయిందనీ ఉంటుంది. అంటే పైన చావు, కింద నవ్వు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందన్నది మాత్రం పాఠంలో లేదు.

డైరీలో ఉంది. పాఠం 1942 జూన్ 20 నాటి రాతతో మొదలవుతుంది. అదే రోజు రాతలో, తన కుటుంబం గురించి చెప్పుకున్న తరవాత, ఆన్ ఒక జాబితా రాసింది. యూదులు పసుపు నక్షత్రం కుట్టుకోవాలి. సైకిళ్లు అప్పగించాలి. ట్రామ్ ఎక్కకూడదు, సొంత కారైనా సరే ఎక్కకూడదు. మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి లోపే సరుకులు కొనుక్కోవాలి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా వీధిలోకి రాకూడదు. సినిమాకి వెళ్లకూడదు, ఈత కొలనుకి వెళ్లకూడదు, క్రైస్తవుల ఇళ్లకి వెళ్లకూడదు. యూదుల బడుల్లోనే చదవాలి. ఏం చేయాలన్నా భయమే, ఏది నిషేధమో ఏమో అని స్నేహితురాలు అనే మాటను కూడా ఆన్ అక్కడే రాసింది. ఇది రాసిన పదహారో రోజున, జులై 6న, ఆ కుటుంబం అజ్ఞాతంలోకి వెళ్లిపోయింది.

ఈ జాబితాలో రక్తం లేదు, శవాలు లేవు. ఎనిమిదేళ్ల పిల్లవాడికైనా చదివి వినిపించవచ్చు. సైకిల్ లాగేసుకుంటే ఎలా ఉంటుందో ఆ వయసుకి బాగా తెలుసు. అయినా పాఠంలో కోత పడింది సరిగ్గా ఇక్కడే. పిల్లల సాహిత్యంలో జాతి నిర్మూలన గురించి మన చర్చ ఎప్పుడూ 'చెప్పాలా వద్దా' దగ్గరే ఆగిపోతుంది. నా ఫిర్యాదు వేరు. పిల్లల కోసం రాసేటప్పుడు కొంత కోసెయ్యక తప్పదు. కానీ మనం కోయాల్సింది ఉంచి, ఉంచాల్సింది కోస్తున్నాం. పైగా కోసినచోట అబద్ధాన్ని అతికిస్తున్నాం.

ఆ అతుకులు ఎలా పడతాయో చూడండి. 'ఇంత జరిగినా మనుషులు లోపల మంచివాళ్లే అని నమ్ముతున్నాను' అనే అర్థం వచ్చే వాక్యం ఆన్ పేరు మీద పోస్టర్ల మీదికి ఎక్కింది. 1955లో అమెరికాలో వేసిన నాటకం ఆ వాక్యాన్ని తీసుకెళ్లి ముగింపులో పెట్టింది. అసలు ఆ మాట 1944 జులై 15 నాటిది. దానికి కొద్ది వాక్యాల దూరంలోనే లోకం మెల్లగా ఎడారి అయిపోతోందనీ, మమ్మల్నీ మింగబోయే ఉరుము దగ్గరికొస్తున్నట్టు వినిపిస్తోందనీ రాసింది. ఆగస్టు 4న పోలీసులు వచ్చారు. దాక్కున్న ఎనిమిది మందిలో యుద్ధం తరవాత తిరిగొచ్చింది తండ్రి ఒక్కడే. ఉరుమును కోసేసి మంచితనాన్ని ఉంచుకుంటే, చచ్చిపోయిన పిల్ల చేత మనల్ని మనం క్షమింపజేసుకున్నట్టే అవుతుంది.

ఇక 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్'. 2006లో వచ్చిన ఈ నవలను, 2008లో వచ్చిన సినిమాను మన ఇంటర్నేషనల్ స్కూళ్లలో పిల్లల చేతికి ఇస్తున్నారు. ఆష్‌విట్జ్ అనే నాజీ శిబిరం కమాండెంట్ కొడుకు, తొమ్మిదేళ్ల బ్రూనో, కంచె అవతల కూర్చున్న యూదు పిల్లవాడితో నెలల తరబడి స్నేహం చేస్తాడు. ఆష్‌విట్జ్ మ్యూజియం 2020 జనవరిలో బహిరంగంగా ఒక మాట చెప్పింది: హోలోకాస్ట్ (నాజీలు యూదులను నిర్మూలించిన) చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు ఈ పుస్తకానికి దూరంగా ఉండాలని. కారణాలు చాదస్తపువి కావు. ఆ శిబిరానికి సుమారు 2,32,000 మంది పిల్లల్ని, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లని, తరలించారు. పని చేయలేని చిన్నపిల్లల్ని ఎక్కువగా దిగిన రోజే చంపారు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేసరికి అక్కడ ప్రాణాలతో ఉన్న పిల్లలు ఏడు వందల చిల్లర. కరెంటు పారే కంచె దగ్గర, కాపలా కళ్ల ముందు రోజూ కబుర్లు చెప్పుకునే అవకాశం ఎవరికీ లేదు. బెర్లిన్‌లో బడికి వెళ్లిన తొమ్మిదేళ్ల అధికారి కొడుక్కి యూదులెవరో, హిట్లర్ ఎవరో తెలియకపోవడమూ కుదరదు. అక్కడి బడులు నేర్పిందే అది.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం ముగింపులో ఉంది. బ్రూనో ఆ స్నేహితుడి తండ్రిని వెతకడానికి లోపలికి వెళ్లి, పొరపాటున గ్యాస్ చాంబర్‌లో చనిపోతాడు. చదివిన పిల్లలు ఏడుస్తారు, నిజమే. ఎవరి కోసం ఏడుస్తున్నారు? కమాండెంట్ కొడుకు కోసం. ఏమనుకుంటారు? అయ్యో, పొరపాటు జరిగిపోయిందే అని. పక్కనే ఉన్న యూదు పిల్లవాడి చావు పొరపాటు కాదు, పథకం. కథ నడక ఆ పథకాన్ని పక్కకి నెట్టేసింది. తెలుగు చేయబోయేవాళ్లకి ఇంకో చిక్కు కూడా చెప్పాలి. బ్రూనో హిట్లర్ బిరుదు 'ఫ్యూరర్'ని 'ఫ్యూరీ' అని, 'ఆష్‌విట్జ్'ని 'అవుట్-విత్' అని తప్పుగా పలుకుతాడు. జర్మన్ మాట్లాడే పిల్లవాడు ఇంగ్లిషు మాటల్లో నోరు జారడమేమిటి? ఆ శ్లేషను తెలుగులోకి తేవడానికి కుస్తీ పట్టేముందు ఈ ప్రశ్న వేసుకుంటే బోలెడు శ్రమ తప్పుతుంది.

హిరోషిమాది జాతి నిర్మూలన కాదు, అణుబాంబు దాడి. కానీ కోత-అతుకు వ్యవహారం అక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సదాకో ససాకి రెండేళ్ల వయసులో బాంబు బారిన పడి, 1955 అక్టోబరు 25న పన్నెండో ఏట లుకేమియాతో చనిపోయింది. వెయ్యి కాగితపు కొంగలు చేస్తే కోరుకున్నది జరుగుతుందని జపాన్‌లో ఓ నమ్మకం. ప్రపంచమంతా చదివిన అమెరికన్ పిల్లల పుస్తకం, 1977లో వచ్చింది, ఆమె 644 కాగితపు కొంగలు చేసేసరికి ప్రాణం పోయిందనీ, మిగతావి స్నేహితులు చేశారనీ చెబుతుంది. ఆమె వెయ్యి దాటి చేసింది. మందుల పొట్లాల కాగితాలతో కూడా చేసింది. వెయ్యి పూర్తయ్యాక కూడా ఆపలేదు. 644 అన్నప్పుడు ఆ చావుకి ఓ సాకు దొరుకుతుంది, ఇంకొంత సమయం ఉంటే బతికేదేమో అని. వెయ్యి పూర్తి చేసినా చనిపోయింది అన్నప్పుడు పిల్లలు 'మరి ఎందుకు?' అని అడుగుతారు. రేడియేషన్ ఏం చేస్తుందో, బాంబు ఎవరు వేశారో చెప్పాల్సి వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా చేసిన ఘనత ఆ అంకెది.

డెన్మార్క్ రాజు పదో క్రిస్టియన్ కథ మరో అతుకు. యూదులకు తోడుగా తానూ పసుపు నక్షత్రం పెట్టుకుని గుర్రమెక్కి ఊరేగాడని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. డెన్మార్క్‌లో నక్షత్రం పెట్టుకోవాలన్న ఉత్తర్వే రాలేదు. జరిగింది వేరు. 1943 అక్టోబరులో మామూలు జనం, జాలర్లు, ఏడు వేల మందికి పైగా యూదులను రాత్రిళ్లు పడవల్లో స్వీడన్ చేర్చారు. ఇది కథకేమీ తక్కువ కాదు కదా, రాజుగారి గుర్రం దేనికి? ఇంకో మాట. ఈ డెన్మార్క్ కథ ఒక్కటే చదివిన పిల్లలు లోకమంతా పడవలు దొరికాయనుకుంటారు. దగ్గర్లోనే ఉన్న నెదర్లాండ్స్ నుంచి లక్షా ఏడు వేల మందిని తరలిస్తే ఐదు వేల చిల్లర మాత్రమే వెనక్కి వచ్చారు. కాపాడినవాళ్ల కథ చెప్పేటప్పుడు ఈ రెండో అంకె కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి.

మరి పిల్లలకి ఎలా చెప్పాలి? బాగా చెప్పిన చోట్లు ఉన్నాయి. కెనడాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు సెప్టెంబరు 30 తెలుసు, ఆ రోజు పిల్లలు బడికి నారింజ రంగు చొక్కా వేసుకెళతారు. అక్కడి ఆదివాసీ పిల్లలు సుమారు లక్షా యాభై వేల మందిని ఇళ్ల నుంచి తీసుకుపోయి, భాష, వేషం మాన్పించడానికి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ల గుర్తు అది. 2015లో అక్కడి సత్య శోధన కమిషన్ దాన్ని సాంస్కృతిక జాతి నిర్మూలన అంది. ఆ రోజు వెనక ఉన్న కథ చాలా చిన్నది. 1973లో ఆరేళ్ల పిల్లకి అమ్మమ్మ కొత్త నారింజ చొక్కా కొనిపెట్టింది. బడికి వెళ్లిన మొదటి రోజే దాన్ని విప్పించి తీసేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. అంతే. ఆరేళ్ల వాడికి ఆ చొక్కా చాలు. కాస్త పెద్దయ్యాక మిగతాది దాని మీదే కట్టుకుంటూ పోవచ్చు. కూల్చాల్సిన అబద్ధం ఏదీ అడ్డం రాదు.

మనకి ఇంకా దగ్గరిది 'రైలుబడి', జపాన్ పిల్ల తొత్తోచాన్ బడి కథ. తెలుగులో టీచర్లందరూ మెచ్చుకునే పుస్తకమే. తోమోయే బడిలో చెట్లెక్కడం, సముద్రం నుంచీ కొండల నుంచీ తెచ్చుకునే అన్నం అందరికీ గుర్తుంటాయి. మసావో అనే కొరియా పిల్లవాడు ఎంతమందికి గుర్తున్నాడు? దారిలో తొత్తోచాన్‌ని చూసి 'కొరియన్!' అని తిడతాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ కళ్లు చెమరుస్తాయి. జనం వాడిని అలా పిలవగా పిలవగా అది తిట్టు అనుకుని వాడు ఇంకొకరిని అంటున్నాడు, తన జాతి పేరే అదని వాడికి తెలియదు. కొరియా 1910 నుంచి 1945 దాకా జపాన్ కింద నలిగిన చరిత్ర అంతా ఆ రెండు మూడు పేజీల్లో ఉంది, ఒక్క తేదీ లేకుండా. కులం పేరు తిట్టుగా వినిపించే మన బడుల్లో ఈ పేజీలకి వివరణ కూడా అక్కర్లేదు.

కిగాలిలోని జాతి నిర్మూలన స్మారకంలో పిల్లల గది ఉంది. రువాండాలో 1994 ఏప్రిల్ నుంచి సుమారు వంద రోజుల్లో చంపిన లక్షల మందిలో కొద్దిమంది పిల్లల ఫొటోలు అక్కడ పెద్దవి చేసి పెట్టారు. ఒక్కొక్కరి కింద పేరు, వయసు, ఇష్టమైన తిండి, ఇష్టమైన ఆట, స్నేహితులు. చివరి గీతలో ఎలా చంపారన్నది. ఆ క్రమం గమనించాలి. చావు చివర వస్తుంది, ఒక్క వాక్యంలో వస్తుంది, కానీ వస్తుంది. వర్ణన ఉండదు. పన్నెండేళ్లు దాటిన పిల్లల కోసం రాసేవాళ్లకి ఇంతకన్నా మంచి కొలత నాకు కనిపించలేదు.

మన పంచతంత్రం అలవాటు కొద్దీ ఇలాంటి విషయం రాగానే తోడేళ్లూ మేకలూ కథలోకి వచ్చేస్తాయి. జాగ్రత్త పడాలి. తోడేలు ఆకలేసి తింటుంది, అది దాని స్వభావం. జాతి నిర్మూలన స్వభావం కాదు, కాగితం మీద రాసుకుని చేసిన పని. పైగా మనుషుల్ని జంతువులుగా చూపించడం హంతకుల ఆయుధం. రువాండాలో ఓ రేడియో, అక్కడ హంతకులు చంపాలనుకున్న టుట్సీ జాతివాళ్లను బొద్దింకలు అంది. 1938లో న్యూరెంబర్గ్‌లో నాజీ ప్రచారకుడు యూలియస్ ష్ట్రైఖర్ ప్రచురణ సంస్థ 'విషపు పుట్టగొడుగు' అనే అర్థం వచ్చే పేరుతో రంగుల బొమ్మల పుస్తకం వేసింది. అమ్మ, కొడుకు అడవికి పుట్టగొడుగులు ఏరడానికి వెళతారు, మంచివీ విషపువీ ఎలా పోల్చుకోవాలో అమ్మ చెబుతుంది, మనుషుల్లోనూ అంతే అని యూదుల దగ్గరికి వస్తుంది. ఎంత కమ్మగా మొదలయ్యే కథో చూడండి. న్యూరెంబర్గ్ విచారణలో ఈ పుస్తకం సాక్ష్యంగా నిలబడింది. 1946లో ష్ట్రైఖర్‌ను ఉరి తీశారు. 'మౌస్' బొమ్మల నవలలో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు కదా అంటారేమో. ఆ రచయిత నాజీల తిట్టునే తీసుకుని తిరగేశాడు. పాత్రల ముఖాలకు ఎలుక ముసుగుల తాళ్లు కనపడేలా కూడా గీశాడు. తాళ్లు కనపడనివ్వడం చేతకాకపోతే జంతువుల జోలికి పోకపోవడం మేలు.

ఇక తెలుగు సంగతి. అనువాదాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన పత్రికలు బాంబు పేలినా, బస్సు తగలబడినా 'మారణహోమం' అంటాయి, లేదంటే 'నరమేధం'. హోమం, మేధం రెండూ యజ్ఞం మాటలు. హోమం అంటే ఎవరో దేవుడికి ఏదో సమర్పించినట్టు. గ్రీకు నుంచి వచ్చిన 'హోలోకాస్ట్'కి కూడా ఇదే పేచీ, దాని మూలార్థం పూర్తిగా దహనమైన బలి. అందుకే చాలామంది యూదులు 'షోవా' అంటారు, విధ్వంసం అని. 1944లో రఫాయెల్ లెమ్కిన్ అనే న్యాయవాది కట్టిన 'జెనోసైడ్' అనే మాటలో ఈ చప్పుళ్లేవీ లేవు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందం దాన్ని నిర్వచించింది. అందులో ఐదో అంశం ఒక సమూహం పిల్లల్ని బలవంతంగా మరో సమూహానికి అప్పగించడం. తెలుగులో 'జాతి నిర్మూలన' సరిపోతుంది. 'జాతి' అంటే జాతీయ గీతం కూడా గుర్తొస్తుంది కాబట్టి పిల్లల పుస్తకంలో మొదటిసారి వచ్చినప్పుడు 'ఫలానా వాళ్లు ఒక్కరు కూడా మిగలకూడదని చంపడం' అని విడమరిస్తే చాలు.

'శిబిరం' అనే మాటకి వేసవి శిబిరం, రక్తదాన శిబిరం తప్ప మన పిల్లలకి వేరే అర్థం తెలియదు. నిర్బంధ శిబిరం, వధ శిబిరం అని ప్రతిసారీ విశేషణంతో రాయాలి. రెండూ ఒకటి కాదు కూడా. ట్రెబ్లింకా చంపడానికే కట్టింది. బెర్గెన్-బెల్సెన్‌లో గ్యాస్ చాంబర్లు లేవు, ఆకలీ అంటురోగాలూ చంపాయి. ఆన్‌ని గ్యాస్ చాంబర్‌లో చంపారని రాస్తే, అబద్ధమని తేల్చడానికి కాచుక్కూర్చున్నవాళ్ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

క్రియలు ఇంకా పెద్ద తంటా. తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడుస్తుంది. 'రైలెక్కించారు, తీసుకెళ్లారు, చంపేశారు.' ఎవరు? క్రియ చివరి 'రు' అందరినీ దాచేస్తుంది. కొందరు ఇంకో అడుగు వేసి 'అసువులు బాశారు', 'యుద్ధానికి బలయ్యారు' అంటారు. యుద్ధం చంపలేదు. అరవై లక్షల మంది యూదులు, వాళ్లలో దాదాపు పదిహేను లక్షల మంది పిల్లలు, యుద్ధంలో ఎదురుపడి చచ్చినవాళ్లు కారు. అలాగని 'హిట్లర్ చంపాడు' అని ఒక్కడి నెత్తిన వేసినా సరిపోదు, ఒక్కడు అంతమందిని చంపలేడని పదేళ్లవాడికి కూడా లెక్క తెలుసు. ఎవరెవరు కలిశారో చెప్పాలి. జాబితా రాసిన గుమాస్తా ఉన్నాడు, తలుపు తట్టిన పోలీసు ఉన్నాడు. రైల్వే ఉంది. జర్మన్ రైల్వే ఈ తరలింపులకు నాజీ దళం ఎస్‌ఎస్ నుంచి చార్జీ వసూలు చేసింది. మూడో తరగతి టికెట్ లెక్కన, నాలుగు వందల మంది ఉంటే గ్రూపు రాయితీ కింద సగం ధర. పదేళ్ల లోపు పిల్లలకు అరటికెట్, నాలుగేళ్ల లోపు వాళ్లకు ఉచితం. తరలిస్తున్న యూదులకు వెళ్లడానికి మాత్రమే, కాపలావాళ్లకు రానూపోనూ. ఆర్టీసీ బస్సులో హాఫ్ టికెట్ తీసుకునే పిల్లలకి ఈ నాలుగు వాక్యాలు చెబితే, ఆ తరవాత ఏ భయంకర వర్ణనా అవసరం ఉండదు.

టీచర్లకి ఓ మాట. ఈ మధ్య ప్రతిదానికీ 'యాక్టివిటీ' చేయించడం ఫ్యాషనైంది. సగం క్లాసుకి పసుపు నక్షత్రాలు కట్టి మిగతా సగాన్ని సైనికుల్ని చేయడం, చీకటి గదిలో కూర్చోబెట్టడం వద్దు. వాషింగ్టన్ హోలోకాస్ట్ మ్యూజియం ఉపాధ్యాయులకిచ్చిన సూచనల్లో ఇలాంటి అనుకరణలు వద్దని ఉంది. కొందరు పిల్లలు బెదిరిపోతారు, ఇంకొందరికి సైనికుడి వేషం భలే నచ్చుతుంది, రెండూ ప్రమాదమే. ఆ ఆట ఆడాక 'మాకూ తెలిసింది' అనుకోవడం మూడోది. దాని బదులు ఆన్ జాబితాను బోర్డు మీద రాసి, ఇందులో ఏ రోజుకారోజు మీరు చేసే పనులు ఎన్ని ఉన్నాయో గుర్తు పెట్టమనండి. పావుగంట పని.

ఎక్కడివో కథలు కాక మన కథలేవి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1948 తెలంగాణ మీద పిల్లల కోసం రాయాలంటే ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన ఊచకోత రాయాలి. సెప్టెంబరు పోలీసు చర్య సమయంలోనూ ఆ తరవాతా హైదరాబాద్ సంస్థానంలో, మరీ ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో, చంపిన ముస్లింలనూ రాయాలి. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతులు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని అంచనా వేసింది. ఒకటి రాసి రెండోది కోసేస్తే అది ఏ పక్షం వాళ్లు చేసినా ఇందాకటి అతుకే. వీటిని జాతి నిర్మూలన అనాలా అన్నది వేరే చర్చ. రాసే పద్ధతి మాత్రం మారదు.

చివరగా ప్రచురణకర్తలకి. ఇలాంటి పుస్తకం వేసినప్పుడు వెనక ఒకటిన్నర పేజీ కేటాయించండి. అందులో ఇది ఎక్కడ, ఏ ఏళ్లలో జరిగింది, ఎవరు ఎవరిని ఏ పేరు పెట్టి చంపారు, మొత్తం ఎందరు, అందులో పిల్లలెందరు, ఈ కథలో కల్పించినవి ఏవి అన్నది ఉండాలి. ఒక చిన్న పటం ఉంటే మరీ మంచిది. అనువాదకుడు ఎలాగూ ఇవన్నీ వెతుక్కునే ఉంటాడు, కాబట్టి అదనపు పని కూడా కాదు. కాగితం ఖర్చు అంటారేమో. పుస్తకం మామూలుగా పదహారు పేజీల ఫారాల్లో అచ్చవుతుంది, చివరి ఫారంలో తరచూ రెండు మూడు పేజీలు మిగులుతాయి. ఇప్పుడు వాటిలో 'మా ఇతర ప్రచురణలు' వేస్తున్నారు.

ఇట్లు,
ఒక బాలసాహిత్య అనువాదకుడు,
సికింద్రాబాద్